ఇంటి నెట్‌వర్క్ మీద సెక్యూరిటీ కమాండ్లు, స్క్రిప్టులు: మన సీమ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి డిప్లొమా, బీటెక్ పిల్లలు, అంగళ్లలో కెమెరాలు, నెట్ చూసుకునే కుర్రాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాట్సాప్‌లో అదే జవాబు ఒక్కొక్కరికీ టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నా. పైనుంచి కిందిదాకా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లండి. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్పాను. ఇందులో ఉన్నదంతా మీ సొంత పరికరాల మీద, లేదంటే యజమాని రాసిచ్చిన అనుమతి ఉన్నచోట చేయడానికే.

## మొదలుపెట్టే ముందు

అన్నా, ఎన్‌మ్యాప్ ఇన్‌స్టాల్ చేసుకుంటేనే పోలీసు కేసు అవుతుందంటున్నారు, నిజమా?

టూల్ దగ్గర ఉండటం నేరం కాదు. ఎన్‌మ్యాప్ అంటే నెట్‌వర్క్‌లో ఏ పరికరాలున్నాయి, వాటిలో ఏ పోర్టులు (ఒక్కో సర్వీసు వినే నంబర్ ఉన్న తలుపులు) తెరిచున్నాయి అని వెతికే టూల్, ఆ వెతకడాన్నే స్కాన్ అంటారు. ఇది 1997 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది, నెట్‌వర్క్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు రోజూ వాడేదే. చట్టం చూసేది అనుమతి ఉందా లేదా అని. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకో నెట్‌వర్క్‌లోకో వెళ్లినా, డేటా తీసుకున్నా, పని ఆగిపోయేలా చేసినా నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. అదే పని మోసపూరితంగా, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "ఊరికే చూశా సార్, ఏం తీసుకోలేదు" అని చెప్పి బయటపడొచ్చని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఎంటర్ కొట్టే ముందు ఈ మెషీన్ ఎవరిది, వాళ్లు ఒప్పుకున్నారా అని చూసుకోండి.

పక్కింటి వైఫై పాస్‌వర్డ్ వాళ్లే ఇచ్చారు. వాళ్ల నెట్‌వర్క్ స్కాన్ చేస్తే తప్పేముంది?

నెట్ వాడుకోమని ఇచ్చారు, లోపల ఏమేం ఉన్నాయో వెతకమని ఇవ్వలేదు. చేయాలనిపిస్తే పోయి అడగండి. "పిన్నీ, మీ రూటర్ సెట్టింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తా" అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, ఆ మాట ఒక మెసేజ్‌లో రాయించుకోండి.

కాలేజీ ల్యాబ్‌లో ప్రాక్టీస్ చేయొచ్చా? మా సార్ నోటితో సరే అన్నారు.

నోటిమాట చాలదు. ల్యాబ్ ఇన్‌ఛార్జికో హెచ్ఓడీకో మెయిల్ పెట్టి, ఏ మెషీన్లు, ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ టూల్స్ అని రాసి జవాబు తెప్పించుకోండి. ఇది మీకు రక్షణ, ఆ సార్‌కి కూడా రక్షణ. ఆన్‌లైన్ పరీక్ష జరిగే రోజు ల్యాబ్ నెట్‌వర్క్ జోలికి అనుమతి ఉన్నా వెళ్లొద్దు. ఏదైనా ఆగిపోతే కారణం ఏదైనా సరే, వేళ్లన్నీ మీవైపే చూపిస్తాయి.

నెట్ కంపెనీకి తెలిసిపోతుందా నేను ఇంట్లో స్కాన్ చేస్తే?

మీ ల్యాప్‌టాప్ నుంచి మీ టీవీకో ఫోన్‌కో పోయే ప్యాకెట్లు ఇంటి రూటర్ దాటి బయటికి పోవు, కాబట్టి లోపలి స్కాన్‌తో కంపెనీకి సంబంధం లేదు. లోపలి ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) మూడు వరుసల్లో ఉంటాయి: 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా. మీ ఇల్లు వీటిలో ఏ వరుసలో ఉందో "ఐపీ ఏ" అనే కమాండ్ కొట్టి చూసుకుని ఆ ముక్క మీదే ఉండండి.

జాగ్రత్త పడాల్సింది బయటి అడ్రస్ విషయంలో. చాలామంది "నా ఐపీ ఎంత" అని వెతికి వచ్చిన నంబర్ తమదే అనుకుని దాన్ని స్కాన్ చేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల కంపెనీలు ఒకే బయటి అడ్రస్‌ను ఎంతోమంది కస్టమర్లకు పంచుతున్నాయి. రూటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (రూటర్‌కు బయటివైపు ఉండే అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే మీరూ ఆ పంపకంలో ఉన్నట్టే, అప్పుడు మీరు స్కాన్ చేస్తున్నది కంపెనీ పరికరాన్ని. దాన్ని వదిలేయండి.

నాకు కోడింగ్ రాదు, తెలుగు మీడియంలో చదివా. ఇది నాకు ఎక్కుతుందా?

తప్పకుండా ఎక్కుతుంది. మొదట్లో కావాల్సింది కోడింగ్ కన్నా ఓపిక. ఐపీ అడ్రస్ అంటే ఏంటి, పోర్ట్ అంటే ఏంటి, పేరు కొడితే డీఎన్ఎస్ అడ్రస్ ఎట్ల తెచ్చిస్తుంది, ఈ మూడూ సొంత మాటల్లో ఇంకొకరికి చెప్పగలిగితే మొదలుపెట్టొచ్చు. టెర్మినల్ అంటే బెరుకు ఉంటే ఓవర్‌దివైర్ వాళ్ల బాండిట్ ఆట ఆడండి, ఉచితం. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి టెర్మినల్ నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) వాళ్ల సర్వర్‌లోకి లాగిన్ అయి, ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డ్ వెతికి పైమెట్టుకు పోవాలి. ఫైళ్లు, పర్మిషన్లు, గ్రెప్ (కావాల్సిన వరుసలు ఏరేది), సార్ట్ (వరుసలు క్రమంలో పేర్చేది) అన్నీ అందులోనే చేతికి అలవాటవుతాయి.

## సామాను సర్దుకోవడం

కాలీ లైనక్స్ వేసుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. బ్యాక్‌ట్రాక్ అనే పాత సిస్టమ్ స్థానంలో 2013లో వచ్చిన కాలీ, పనిలో ఉన్నవాళ్ల కోసం వందల టూల్స్ ముందే సర్ది పెట్టిన పెట్టె. నేర్చుకునేవాళ్లకు అన్ని టూల్స్ ఒకేసారి కనిపిస్తే ఏది ఎందుకో తెలియక, మెనూలో పైనుంచి ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోతారు. ఉబుంటూ, డెబియన్ లాంటి మామూలు లైనక్స్ వేసుకుని, అవసరం పడినప్పుడల్లా ఒక్కో టూల్ ఏపీటీ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో దించుకోండి. ఎన్‌మ్యాప్, టీసీపీడంప్ (పోయే వచ్చే ప్యాకెట్లు చూపేది), నెట్‌క్యాట్ (పోర్ట్‌కు నేరుగా కనెక్ట్ అయ్యేది), డిగ్ (డీఎన్ఎస్‌ను అడిగేది), కర్ల్ (వెబ్ నుంచి పేజీలు, ఫైళ్లు తెచ్చేది), ఈ ఐదింటితో నెలల తరబడి నేర్చుకునే విషయం ఉంది.

నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది, పాత హార్డ్‌డిస్క్. కొత్తది కొనాలా?

కొనొద్దు, ముఖ్యంగా దీనికోసం అప్పు చేసి కొనొద్దు. కమాండ్ లైన్ పనికి 4 జీబీ సరిపోతుంది. డెస్క్‌టాప్ లేని డెబియన్ వేస్తే పాత మెషీన్ కూడా చురుగ్గా నడుస్తుంది. డబ్బు పెట్టగలిగితే చిన్న ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా మొదటి రోజే కనిపిస్తుంది. ఇంకొకటి, మన ఎండాకాలంలో వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్లు) నడిపేటప్పుడు ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టొద్దు. గాలి ఆడక వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, మీరేమో స్క్రిప్టులో తప్పు ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ పెట్టి స్కాన్ చేస్తే ఇంట్లో పరికరాలు సరిగ్గా కనిపించట్లేదు, ఎందుకు?

డబ్ల్యూఎస్ఎల్ అంటే విండోస్ లోపల లైనక్స్ నడిపే ఏర్పాటు. డబ్ల్యూఎస్ఎల్ 2 మామూలుగా మీ ఇంటి నెట్‌వర్క్‌లో నేరుగా ఉండదు, విండోస్ దానికి లోపల వేరే చిన్న నెట్‌వర్క్ ఇస్తుంది. ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలను కనిపెట్టడానికి ఎన్‌మ్యాప్ వాడే ఏఆర్‌పీ పిలుపు (ఈ ఐపీ ఎవరిదని అందరినీ అడిగేది) ఆ గోడ దాటదు, అందుకే మ్యాక్ అడ్రసులు (ఒక్కో పరికరం నెట్‌వర్క్ కార్డుకు ఉండే నంబర్లు) రావు, కొన్ని పరికరాలు అసలే కనిపించవు. ఎన్‌మ్యాప్‌కు విండోస్ వెర్షన్ ఉంది, దాంతోపాటే ఎన్‌పీక్యాప్ అనే డ్రైవర్ వస్తుంది. స్కానింగ్‌కు అది వాడండి, బ్యాష్ (లైనక్స్ టెర్మినల్ భాష) స్క్రిప్టులు, గ్రెప్, సార్ట్ నేర్చుకోవడానికి డబ్ల్యూఎస్ఎల్ ఉంచుకోండి.

ల్యాప్‌టాప్ లేదన్నా, ఫోన్ ఒక్కటే. టెర్మక్స్‌తో అవుతుందా?

మొదలుపెట్టడానికి బాగానే అవుతుంది. టెర్మక్స్‌ను (ఆండ్రాయిడ్‌లో లైనక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్) ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి దించుకోండి. పైథాన్, ఎన్‌మ్యాప్, డిగ్, కర్ల్ అన్నీ నడుస్తాయి. రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారం) లేని ఫోన్‌లో ఎన్‌మ్యాప్ మామూలు కనెక్షన్ పెట్టి చూసే పద్ధతి ఒక్కటే వాడగలదు, మ్యాక్ అడ్రసులు చూపించదు, టీసీపీడంప్ పని చేయదు. దీనికోసం ఫోన్ రూట్ చేయమని ఎవరైనా చెబితే వినొద్దు. మీ బ్యాంకు, యూపీఐ అన్నీ ఆ ఫోన్‌లోనే కదా, రూట్ చేస్తే చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, ఫోన్ రక్షణ కూడా పోతుంది.

హ్యాక్ చేసినా ఎవరికీ నష్టం లేని మెషీన్ ఎక్కడ దొరుకుతుంది?

మెటాస్ప్లాయిటబుల్ 2 అని ఉంది, లోపాలన్నీ కావాలని పెట్టి వదిలిన లైనక్స్. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో 512 ఎంబీ ర్యామ్ ఇచ్చినా నడుస్తుంది. దాని నెట్‌వర్క్‌ను హోస్ట్-ఓన్లీ (మీ ల్యాప్‌టాప్‌కు మాత్రమే కనిపించేలా) అని పెట్టండి, బ్రిడ్జ్ పెట్టొద్దు. బ్రిడ్జ్ పెడితే తలుపులన్నీ తెరిచున్న ఆ మెషీన్ మీ ఇంటి వైఫైలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంటర్నెట్ మీద ఒక నిజమైన సర్వర్‌ను స్కాన్ చేసి చూడాలంటే ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ.ఎన్‌మ్యాప్.ఆర్గ్ అనే మెషీన్ అందుకోసం పెట్టారు. రోజుకు ఒకట్రెండు సార్లు చేసుకోండి, దాని మీద పాస్‌వర్డ్ ఊహించే టూల్స్ మాత్రం నడపొద్దు.

## మొదటి కమాండ్లు, మొదటి స్కాన్

ఏ కమాండ్ ముందు నేర్చుకోవాలి, ఏది తర్వాత?

ఐపీ ఏ, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా చూసేది), ట్రేస్‌రూట్ (ప్యాకెట్లు పోయే దారి చూపేది), డిగ్, ఎస్ఎస్, కర్ల్, ఆ తర్వాతే ఎన్‌మ్యాప్. అందరూ నేరుగా ఎన్‌మ్యాప్‌కు ఉరుకుతారు, కానీ ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్ కొట్టి మీ మెషీన్ మీదే ఏ ప్రోగ్రాం ఏ పోర్ట్ దగ్గర వింటోందో ఒక్కసారి చూడండి, స్కాన్ రిజల్టులో కనిపించేదానికి అవతల ఏముంటుందో అప్పుడు అర్థమవుతుంది. ప్రోగ్రాం పేర్లన్నీ కనిపించాలంటే ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) పెట్టాలి. 127.0.0.1 దగ్గర వినేది మీ మెషీన్‌కే పరిమితం, 0.0.0.0 దగ్గర వినేది నెట్‌వర్క్ మొత్తానికీ తెరిచినట్టు. ఈ ఒక్క తేడా కళ్లకు కట్టినట్టు తెలిస్తే సగం సెక్యూరిటీ పని వచ్చినట్టే అంటాను నేను.

ఇంటి నెట్‌వర్క్ స్కాన్ చేశా, తెలియని పరికరాలు కనిపిస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దూరారా?

చాలాసార్లు కాదు. ఎన్‌మ్యాప్ -ఎస్ఎన్ 192.168.1.0/24 (192.168.1తో మొదలయ్యే అడ్రసులన్నీ, మీ ఇంటి వరుస వేరైతే అది) అని సుడోతో కొడితే ఒక్కో పరికరానికి ఐపీ, మ్యాక్ అడ్రస్, కంపెనీ పేరు వస్తాయి. కంపెనీ పేరు దగ్గర "అన్‌నోన్" అని పడగానే గుండె జారుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ ఇవ్వవు, కల్పించిన నంబర్ ఒకటి ఇస్తాయి. దాన్ని గుర్తుపట్టడం తేలిక: మ్యాక్ అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఇంగ్లీషు ఏ, ఇంగ్లీషు ఈ, వీటిలో ఏదైనా అయితే అది కల్పించిన నంబరే. అంటే ఎక్కువగా ఇంట్లోవాళ్ల ఫోనే.

మిగిలినవాటిని ఒక్కొక్కటీ ఆపి చూడండి. టీవీ ప్లగ్ తీసి మళ్లీ స్కాన్ చేయండి, ఏ వరుస మాయమైందో దాని పక్కన "హాల్ టీవీ" అని రాసుకోండి. సెట్‌టాప్ బాక్స్, ప్రింటర్, కెమెరా, తమ్ముడి పాత ఫోన్, ఇట్ల అన్నిటికీ పేర్లు పెట్టేయండి. అన్నీ ఆపినా ఇంకా ఒకటి మిగిలితే అప్పుడు వైఫై పాస్‌వర్డ్ మార్చండి. మార్చాక మళ్లీ రాకపోతే అది పాత పాస్‌వర్డ్ తెలిసిన ఎవరిదో.

ఓపెన్, క్లోజ్డ్, ఫిల్టర్డ్ అంటాడు. తేడా ఏంటి?

మీ వైపు నుంచి సిన్ అనే చిన్న ప్యాకెట్ పోతుంది. అటునుంచి సిన్-యాక్ వస్తే అక్కడ ఏదో ప్రోగ్రాం వింటోంది, అది ఓపెన్. ఆర్ఎస్‌టీ వస్తే మెషీన్ ఉంది కానీ ఆ పోర్ట్ దగ్గర ఎవరూ వినట్లేదు, అది క్లోజ్డ్. ఏ జవాబూ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ మింగేసి ఉండొచ్చు, దాన్ని ఫిల్టర్డ్ అంటారు. ఫిల్టర్డ్ ఎక్కువగా ఉంటే స్కాన్ నెమ్మదిస్తుంది, ఎందుకంటే జవాబు కోసం ఎదురుచూసి, మళ్లీ పంపి చూడాలి.

నా సర్వీసు 9000 దాటిన పోర్ట్‌లో నడుస్తోంది, ఎన్‌మ్యాప్ మాత్రం చూపించలేదు. టూల్ తప్పా?

టూల్ తప్పు లేదు. పోర్టులు 65,535 ఉంటే, ఏమీ చెప్పకపోతే ఎన్‌మ్యాప్ ఎక్కువగా వాడే 1000 మాత్రమే చూస్తుంది. అన్నీ చూడాలంటే -పీ- పెట్టాలి, లేదా మీకు కావాల్సిన నంబర్ -పీ తర్వాత రాయాలి. ఆ చూసేది కూడా టీసీపీ (ముందు కనెక్షన్ పెట్టుకుని మాట్లాడే పద్ధతి) ఒక్కటే. యూడీపీకి (కనెక్షన్ లేకుండా నేరుగా పంపే పద్ధతి) -ఎస్‌యూ వేరే ఇవ్వాలి, యూ పెద్దక్షరం. అది చాలా నెమ్మది, ఎందుకంటే లైనక్స్ లాంటివి "ఈ పోర్ట్ లేదు" అనే జవాబును సెకనుకు ఒకటి చొప్పునే పంపుతాయి. యూడీపీలో 53, 123, 161, 1900 లాంటి నాలుగైదు ఎంచుకుని చూస్తే ఇంటికి చాలు.

సుడో పెడితే ఒక రిజల్ట్, పెట్టకపోతే ఇంకొకటి వస్తోంది. ఏది నమ్మాలి?

సుడో ఉంటే ఎన్‌మ్యాప్ ప్యాకెట్లను సొంతంగా తయారు చేసి పంపగలదు, ఏఆర్‌పీ కూడా వాడుతుంది. లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి మామూలు కనెక్షన్ పెట్టిస్తుంది. ఇంటి లోపల సుడోతో వచ్చినదే ఎక్కువ పూర్తిగా ఉంటుంది.

టీసీపీడంప్ పెడితే స్క్రీన్ నిండా వరుసలు పరిగెడుతున్నాయి, ఏమీ అర్థం కావట్లేదు.

ఫిల్టర్ లేకుండా పెడితే ఎవరికీ అర్థం కాదు. సుడో టీసీపీడంప్ -ఎన్ పోర్ట్ 53 (53 డీఎన్ఎస్ పోర్ట్) అని కొట్టి, అదే మెషీన్ బ్రౌజర్‌లో ఏదైనా సైట్ తెరవండి. మీరు కొట్టింది ఒక్క పేరు, స్క్రీన్ మీద పది పన్నెండు పేర్లు అడుగుతూ కనిపిస్తాయి: ప్రకటనలవి, ఫాంట్లవి, లెక్కలు చూసే సర్వీసులవి. సైట్ హెచ్‌టీటీపీఎస్ అయినా డీఎన్ఎస్ ప్రశ్న మామూలుగా పోతే ఆ పేరు దారిలో ఉన్నవాళ్లకు కనిపిస్తుంది, ఇది పుస్తకంలో చదవడం వేరు, కళ్లారా చూడటం వేరు. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్ చేసి మళ్లీ చూడండి, ఆ పేర్లు మాయమవుతాయి. 1988 నుంచి ఉన్న టూల్ ఇది, ఇప్పటికీ నెట్ ఎట్ల నడుస్తుందో ఇంత సూటిగా చూపించేది ఇంకొకటి లేదని నా నమ్మకం. తీరిగ్గా చూడాలంటే -డబ్ల్యూతో ఫైల్‌లోకి దాచి, ప్యాకెట్లు బొమ్మల స్క్రీన్‌లో చూపే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాంలో తెరవండి.

## స్క్రిప్టులు

బ్యాష్ నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా?

ఉన్న కమాండ్లను వరుసగా పేర్చి అవుట్‌పుట్ కత్తిరించడమే పనైతే బ్యాష్. లెక్కలు, షరతులు, డేటా దాచుకోవడం వస్తే పైథాన్. బ్యాష్ స్క్రిప్ట్ ఒక పేజీ దాటిందంటే పైథాన్‌లోకి మార్చే టైం వచ్చినట్టు.

మొదటి స్క్రిప్ట్‌గా ఏం రాయమంటావన్నా?

కొత్త పరికరం వస్తే చెప్పే స్క్రిప్ట్ రాయండి. పనికొచ్చేది, ఎవరికీ హాని లేనిది, నాలుగైదు విషయాలు ఒకేసారి నేర్పేది. ముందుగా ఇంట్లో పరికరాల మ్యాక్ అడ్రసులు వరుసకు ఒకటి చొప్పున తెలిసినవి.టీఎక్స్‌టీ లాంటి ఫైల్‌లో పెట్టుకోండి. స్క్రిప్ట్ చేయాల్సింది: ఎన్‌మ్యాప్ -ఎస్ఎన్ నడపడం, అవుట్‌పుట్‌లో మ్యాక్ అడ్రస్ ఉన్న వరుసలు గ్రెప్‌తో ఏరడం, ఆక్‌తో (వరుసను ముక్కలు చేసే కమాండ్) మూడో ముక్క తీయడం, సార్ట్ చేయడం, ఆ లిస్టును తెలిసిన లిస్టుతో కామ్ అనే కమాండ్‌తో పోల్చి కొత్తవి మాత్రం చూపించడం. కామ్ సరిగ్గా పని చేయాలంటే రెండు ఫైళ్లూ ఒకే పద్ధతిలో సార్ట్ అయి ఉండాలి, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. స్కాన్ నడిపే మెషీన్ మ్యాక్ ఆ లిస్టులో రాదు, అది లోపం కాదు.

పని చేశాక ఇంకో మెట్టు ఎక్కించండి: కొత్త వరుస ముందు తేదీ, టైం కలిపి లాగ్ ఫైల్‌లో రాయడం. టవర్ క్లాక్ దగ్గర బట్టల అంగడి అయినా, మార్కెట్ యార్డు పక్కన ఎరువుల అంగడి అయినా, బిల్లింగ్ కంప్యూటర్ ఉన్న వైఫైకే వచ్చినవాళ్లందరూ కనెక్ట్ అవుతుంటే ఈ లాగ్ వారం రోజులది చూపిస్తే చాలు, యజమాని తనంతట తనే గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టమంటాడు.

పైథాన్‌లో పోర్ట్ స్కానర్ రాశా, ఒక పోర్ట్ దగ్గరే ఆగిపోయి కూర్చుంటోంది.

టైమవుట్ పెట్టలేదు. సాకెట్ తయారు చేశాక సెట్‌టైమవుట్ ఇచ్చి అర సెకను అని చెప్పండి, కనెక్ట్ బదులు కనెక్ట్_ఈఎక్స్ వాడండి. అది సున్నా తిరిగిస్తే పోర్ట్ తెరిచి ఉన్నట్టు, వేరే నంబర్ వస్తే లేనట్టు, ఎర్రర్ విసిరి స్క్రిప్ట్ ఆపదు. ప్రతి సాకెట్‌నూ మూసేయండి. తర్వాత వేగం కోసం థ్రెడ్లు (పక్కపక్కన ఒకేసారి నడిచే పనులు) కలుపుతారు, అక్కడ కాస్త నిదానం. ఒకేసారి వేయి థ్రెడ్లు వదిలితే చవక రూటర్ ఉక్కిరిబిక్కిరై ఇంట్లో అందరి నెట్ పోతుంది, మీ రిజల్ట్ కూడా తప్పుగా వస్తుంది. యాభైతో మొదలుపెట్టండి.

నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్ట్ లైనక్స్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటోంది.

విండోస్ ప్రతి వరుస చివర కంటికి కనిపించని అక్షరం ఒకటి ఎక్కువ పెడుతుంది. డాస్2యూనిక్స్ అనే కమాండ్‌తో ఫైల్‌ను శుభ్రం చేస్తే పోతుంది. ఇకపై నానోలోనో వీఎస్ కోడ్‌లో వరుస చివరకు ఎల్ఎఫ్ (లైనక్స్ పద్ధతి) పెట్టుకునో రాయండి.

చేత్తో నడిపితే పని చేస్తుంది, క్రాన్‌లో పెడితే చేయదు.

క్రాన్‌కు (చెప్పిన టైంకి కమాండ్లు నడిపేది) మీ టెర్మినల్‌కు తెలిసినన్ని దారులు తెలియవు. ప్రతి కమాండ్‌కూ, ప్రతి ఫైల్‌కూ పూర్తి దారి రాయండి, సుడో కావాల్సినదైతే రూట్ క్రాన్‌ట్యాబ్‌లో పెట్టండి, ఎర్రర్లు ఒక ఫైల్‌లోకి పంపండి, అక్కడే కారణం కనిపిస్తుంది. ఆ టైంకి కరెంటు పోయి మెషీన్ ఆగి ఉంటే ఆ పని జరగదు, తర్వాత కూడా తనంతట తను చేయదు. కరెంటు కోతలు ఎక్కువున్నచోట రోజువారీ పనులకు అనాక్రాన్ (తప్పిన పనిని మెషీన్ ఆన్ అయ్యాక చేసేది) నయం.

గిట్‌హబ్‌లో దొరికిన స్క్రిప్ట్, ఏఐ రాసిచ్చిన స్క్రిప్ట్ నేరుగా నడపొచ్చా?

చదవకుండా నడపొద్దు. కర్ల్‌తో దించి నేరుగా బ్యాష్‌లోకి పంపే ఒక్క వరుస కమాండ్లు కనిపిస్తే, ముందు ఫైల్‌గా దించుకుని లెస్‌తో తెరవండి. సుడో ఎక్కడ అడుగుతోంది, ఆర్ఎం (ఫైళ్లు తుడిచే కమాండ్) ఎక్కడుంది, బయటి అడ్రస్‌కు ఏమైనా పంపుతోందా, బేస్64లో (మాటలను అర్థం కాని అక్షరాలుగా మార్చే పద్ధతి) పొడుగాటి అర్థం కాని వరుస ఉందా చూడండి. అలాంటి వరుస ఉందంటే ఎవరో ఏదో దాచారు, దాన్ని వదిలేయండి. ఏఐ రాసింది చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కానీ లేని ఆప్షన్లు కూడా ఉన్నట్టు రాసేస్తుంది, కాబట్టి ప్రతి ఆప్షన్‌నూ మ్యాన్ పేజీలో (కమాండ్‌తో పాటే వచ్చే సహాయం) చూసుకోండి. వరుస వరుసకూ అర్థం చెప్పలేని స్క్రిప్ట్ ఇంకొకరి అంగట్లో అసలు నడపొద్దు.

## ఏదో దొరికాక

అంగట్లో సీసీటీవీ డీవీఆర్‌కు 23, 80, 554 ఓపెన్ ఉన్నాయి. ఏం చేయాలి?

554 కెమెరా వీడియో పంపే పోర్ట్, 80 దాని సెట్టింగుల పేజీ, లోపలి నెట్‌వర్క్‌లో ఇవి ఉండటం మామూలే. భయపడాల్సింది 23 గురించి. అది టెల్‌నెట్, దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి, పాస్‌వర్డ్ కూడా బట్టబయలుగా పోతుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇట్లాంటి కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్ల మీదే పడింది. దాని దగ్గర ఉన్నది 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల లిస్టు, అంతే. ఆ లిస్టుతో లక్షల పరికరాల్లోకి దూరి, అక్టోబర్‌లో డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడికి వాడారు, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. మన ఊరి అంగట్లో మూల పెట్టిన డబ్బా కూడా అలాంటి దాడికి పనికొస్తుంది.

చేయాల్సింది ఇది: యజమానితో చెప్పి డీవీఆర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చించండి, టెల్‌నెట్ ఆపేయండి, కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి ఉంటే వేయండి. తర్వాత రూటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి పరికరానికి దారి), యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే ఆ దారి తెరిచేది) చూడండి. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఫోన్‌లో కెమెరా చూడటానికి పోర్ట్ తెరిచి వదిలేసిన సందర్భాలు చాలా ఉంటాయి, అది తీసేస్తే బయటి ప్రపంచానికి ఆ డబ్బా కనిపించదు. యజమాని ఫోన్‌లో కెమెరా ఇంకా కనిపిస్తోందా అని ఆయన ముందే చూసి రండి, లేకపోతే మరుసటి రోజే మళ్లీ అన్నీ తెరిపించేస్తారు.

ఎస్ఎస్‌హెచ్ పెట్టిన రెండు రోజులకే లాగ్‌లో వేల లాగిన్ ప్రయత్నాలు. నన్నే ఎందుకు టార్గెట్ చేశారు?

మిమ్మల్ని ఎవరూ ఎంచుకోలేదు. ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్ట్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ప్రతి మెషీన్‌కూ బాట్లు ఇట్లే వస్తాయి. ఈడీ25519 కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే ఫైల్ జత) తయారు చేసుకుని, కీతో లాగిన్ అవుతోందని రెండో టెర్మినల్‌లో చూసుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి, రూట్ లాగిన్ కూడా ఆపండి. ఫెయిల్2బ్యాన్ (మళ్లీ మళ్లీ తప్పు లాగిన్ చేసే అడ్రసులను ఆపేది) పెడితే లాగ్ కాస్త నెమ్మదిస్తుంది. డెబియన్ 12లో ఆథ్.లాగ్ ఫైల్ కనిపించకపోతే జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్ఎస్‌హెచ్ కొట్టండి, అన్నీ అందులో ఉంటాయి.

ఒక ఆఫీసు వెబ్‌సైట్‌లో లోపం కంటపడింది. వాళ్లకి చెబితే నన్నే పట్టుకుంటారేమో?

మామూలుగా వాడుతుంటే కంటపడిందా, వెతుకుతూ పోతే దొరికిందా అన్నది పెద్ద తేడా. కంటపడిన దగ్గరే ఆగండి. ఇంకొకరి వివరాలు తెరవడం, డౌన్‌లోడ్ చేయడం, "ఇంకెంత లోపలికి పోవచ్చో" చూడటం వద్దు. ఏ పేజీ, ఏ టైం, ఏం కనిపించింది అని రాసి, సైట్‌లో సెక్యూరిటీ.టీఎక్స్‌టీ (లోపాలు ఎవరికి చెప్పాలో రాసే ఫైల్) ఉంటే అందులోని చిరునామాకు పంపండి. లేకపోతే దేశం మొత్తానికి ఇలాంటివి చూసే సర్ట్-ఇన్‌కు తెలియజేయండి. డబ్బు అడగొద్దు, సోషల్ మీడియాలో పెట్టొద్దు, ఫ్రెండ్స్ గ్రూపులో స్క్రీన్‌షాట్ తిప్పొద్దు.

నిజంగానే ఎవరో మా అంగడి కంప్యూటర్‌లోకి వచ్చినట్టుంది. ముందు ఏం చేయాలి?

నెట్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి, మెషీన్‌ను మాత్రం వెంటనే ఫార్మాట్ చేయొద్దు. ఏం జరిగిందో తెలిపే ఆధారాలు అందులోనే ఉంటాయి. వేరే శుభ్రమైన ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్లు మార్చండి. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకా ఖాతాలు మారకముందే ఆపగలిగితేనే దొరుకుతుంది. ఆ తర్వాత సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. కంపెనీలు, సంస్థలు అయితే సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి.

## ముందుకు పోవాలంటే

ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకి వేలకు వేలు అడుగుతున్నారు. కట్టాలా?

ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి డబ్బు ముందే కట్టమనే చోట కట్టొద్దు. ఐఐటీల పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్ సైట్‌లో నెట్‌వర్క్స్, సెక్యూరిటీ పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు. బెంగళూరు రాత్రి బస్సెక్కి ఇంటర్వ్యూకి పోయినప్పుడు అడిగేది "టీసీపీ కనెక్షన్ ఎట్ల మొదలవుతుంది, ఈ లాగ్‌లో ఏం కనిపిస్తోంది" అనే. మీరు రాసిన రెండు మూడు స్క్రిప్టులు, ఏ సమస్య కోసం రాశారో, ఎక్కడ ఆగారో వివరంగా రాసి పెట్టుకుని ఉంటే చెప్పడానికి సొంత మాట ఉంటుంది.

ఇంట్లో నల్ల స్క్రీన్ చూసి భయపడుతున్నారు, ఏదో తప్పు పని చేస్తున్నానని అమ్మ తిడుతోంది.

పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఇంటి పరికరాల లిస్టు తీసి "ఇది నీ ఫోనమ్మా, ఇది టీవీ" అని చెప్పండి, నాన్న ఫోన్‌కు వచ్చిన కరెంటు బిల్లు మోసం మెసేజ్‌లోని లింకును తెరవకుండా, ఆ పేరును హూఈజ్‌తో (సైట్ పేరు ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూపే కమాండ్) వెతికి నిన్నగాక మొన్న రిజిస్టర్ అయిన సైట్ అని చూపించండి. అర్థం కానిదంటే భయం ఎవరికైనా ఉంటుంది.

స్కాన్ రిజల్టులు, లాగ్‌లు ఎక్కడ దాచాలి?

ఎన్‌మ్యాప్‌కు -ఓఏ ఇచ్చి ఫైల్ పేరు పెడితే మూడు రకాలుగా సేవ్ అవుతుంది, ఏ పెద్దక్షరం. పేరులో తేదీ పెట్టండి. ఎన్‌డిఫ్ అనే టూల్‌కు పాత ఎక్స్ఎంఎల్, కొత్త ఎక్స్ఎంఎల్ ఇస్తే ఏం మారిందో అదే చూపిస్తుంది. మీ ఇంటివి మీ మెషీన్‌లో ఉంచుకోండి. వేరేవాళ్ల అంగడివి అయితే పని అయ్యాక యజమానికి ఇచ్చి, మీ దగ్గరున్న కాపీ తుడిచేసి, తుడిచేశానని ఆయనకు మెసేజ్ పెట్టండి.